వద్దన్న పిల్ల

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
వాచ్‌మన్ గది టీవీ ముందు పదకొండు మందిమి,
మిర్చి తొడాలు తీసిన చేతులు
ఒళ్ళో పెట్టుకోకుండా గాల్లో పట్టుకుని
'ఏడో గాజు' ఆఖరి భాగం చూశాం.

రెండేళ్ళ కథ.
తరానికొక్క పిల్ల. ఒక్కతే.
గాజు దాని మణికట్టు వెతుక్కుంటూ వస్తుంది,
అడగదు.
వేసుకున్నది కొండలెత్తుతుంది, రాక్షసుల్ని చీలుస్తుంది,
అన్నం మాత్రం ఒంటరిగా తింటుంది.
ఊరంతా తలుపు సందుల్లోంచి చూస్తుంది.

నిన్న రాత్రి ఆ పిల్ల
గాజు తీసి రోటికేసి కొట్టింది.
ముక్కలు ఎగిరాయి
చేపలమ్మేదాని గంపలోకి, బడిపిల్ల జడలోకి,
పొయ్యి ఊదే ముసలమ్మ గొట్టంలోకి.
"కావాల్సినవాళ్ళు తీసుకోండి" అంది.
శౌరమ్మ ఏడ్చింది. కళ్ళు తుడుచుకోబోయి
కారం చెయ్యని గుర్తొచ్చి
భుజానికి రాసుకుంది.

అందరూ ఆ వెలుగు చూశారు.
నేను చూసింది వేరే.
బావి గట్టు మీద ఓ బక్కపిల్ల,
ముక్క తన కాళ్ళ దగ్గరే పడితే
వంగి చూసి "నాకొద్దక్కా" అంది.
గాజుపిల్ల నవ్వి "సరే" అంది.
అంతే. రెండు సెకన్లు. తర్వాత సబ్బు ప్రకటన.

ఆ "సరే" నాతో పాటు ఆటో ఎక్కింది.
నన్నెవరూ అడగలేదు గనక
వద్దనడం నాకు రాదు.
అవుననీ అనలేదు ఎప్పుడూ,
తల ఊపానంతే
పెళ్ళికి, ఆపరేషన్‌కి, వేలిముద్రకి.

పొద్దున గేటు దగ్గర మేస్త్రీ
రోజూలాగే వేలు చూపించాడు.
"నువ్వు. నువ్వు. నువ్వొద్దు, దగ్గుతున్నావ్. నువ్వు."
ఆ వేలూ అంతే, అడగదు.

నాగూర్‌బీ, పదేళ్ళలో
పట్టుమని పది మాటలాడనిది,
"ఎవరొచ్చేదీ మేం చెబుతాం" అంది.
"అదేంటే కొత్తగా?"
వెనక లారీ హారన్. ఎండలో నూట నలభై తేజ బస్తాలు.
వాడు వాచీ చూసుకున్నాడు, ఉమ్మేశాడు,
పక్కకి జరిగాడు.

దగ్గే తిరపతమ్మ అందరికంటే ముందు లోపలికెళ్ళింది.
నా దగ్గరికొచ్చి నాగూర్‌బీ,
"నీకో?"

రేపు వస్తాను. ఎల్లుండీ వస్తాను.
చీటీ డబ్బులు కట్టాలి, గ్యాసు అయిపోవచ్చింది.
అయినా ఆ మాట నోట్లో ఎలా ఉంటుందో చూడాలనిపించి
"ఇవాళ నాకొద్దు" అన్నాను.

"సరే" అంది.

బస్టాండు దాకా ఊరికే నడిచాను.
మూడున్నర వందలు పోయాయి.
ఏం చెయ్యాలో తెలీక
ఓ గ్లాసు మజ్జిగ తాగి, ఇంకోటి పొయ్యమన్నాను.
చేతులు మండుతూనే ఉన్నాయి.