ఐదేండ్లు

గడియార స్తంభం కాడ నెట్ సెంటర్లో
ఖాజామొద్దీన్ నా బయోడేటా చూసి
"డిగ్రీ, ఎమ్మెస్సీ రెండూ తీసేయప్పా" అన్నాడు.
"పెనుకొండ సీట్ల కంపెనీకి ఇంటరే ముద్దు.
ఎక్కువ సదివినోడు నిలబడడని వాళ్ల లెక్క."

ఒక మీట నొక్కిపట్టినాడు.
కెమిస్ట్రీ పోయింది, డెబ్భై ఒక్క శాతం పోయింది,
హాస్టల్లో తిన్న చల్లారిన ఉగ్గాని కూడా పోయింది.
"ఆ ఐదేండ్లు యాడుంటివంటే?"
"శెనిక్కాయల మిషన్ కాడ అను."
ప్రింటు ఐదు రూపాయలు.

తెల్లారి గేటు కాడ్నుంచి హైవే దాకా వరస.
నా ముందర ఓబులేసు,
ల్యాబులో నా పక్క బల్ల.
బొటనవేలి మీద అదే యాసిడ్ మచ్చ.
పలకరించబోతే
ఆ చెయ్యి జేబులోకి పోయింది.

"ఐదేండ్లు యాడుంటివి?" టేబులు కాడాయన అడిగె.
"శెనిక్కాయల మిషన్ కాడ సార్."

వరస ఒక అడుగు జరిగింది.
నాకిప్పుడు
ఇంకో మిషన్ కావాల.