కళ్ళ రంగు ముందు రాయాలి

అన్నంపల్లి అక్విడెక్టు దగ్గర బస్సు దిగేసరికి
పొద్దింకా బారెడు ఎక్కలేదు.
సుభాషిణి మేడం, పదకొండుమంది పిల్లలు,
దోమతెర కోసి నేను కుట్టిన ఆరు వలలు,
అసిటోన్ సీసా, ఇడ్లీల క్యారేజీ.
నేను జువాలజీ అటెండర్ని.
ఇరవై రెండేళ్లుగా ఫార్మలిన్ వాసన
నా చొక్కాకి దగ్గరి చుట్టం.

నా పని కాగితాలు మడవడం.
పాత పేపరు చింపి, మూలకి మూల కలిపి,
తమలపాకు చిలక చుట్టినట్టు
ఒక్కో తూనీగకి ఒక్కో ముక్కోణం గది.
కొన్నిటి మీద కొబ్బరికాయ ధర,
కొన్నిటి మీద పెద్దకర్మ ఆహ్వానం.

గట్టు దిగితే మడమదాకా బురద.
తూటికాడల మీద, గుర్రపుడెక్క పువ్వు మీద
ఎర్రవి, పసుపు పట్టీలవి, రెక్కలకి మసి అంటినవి.
నీటికి జానెడెత్తున సూదుల్లాంటి సన్నవి.
పెద్దవి వాలినా రెక్కలు చాపుకునే ఉంటాయి,
సన్నవి వీపు మీద మూసుకుంటాయి.
ఈ తేడా మేడం అరగంట చెప్పింది.
పడవ నూకన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు:
"అయ్యి మోతుబర్లండి, ఇయ్యి కూలోళ్ళండి.
చోటు లేనోడే ముడుచుక్కూచుంటాడు. ఆయ్!"

కరీమున్నీసా వల విసిరింది. గాలి పడింది.
మళ్ళీ విసిరింది. తుంగ పడింది.
మూడోసారి లోపలేదో కొట్టుకుంది,
చాక్లెట్ కాగితం నలిగిన చప్పుడు.
ఆ పిల్ల చెయ్యి వణుకుతుంటే మేడం అంది:
"పేరు తర్వాత. కళ్ళ రంగు ముందు రాయి.
ఒంటి రంగు అసిటోన్ కొంత ఆపుతుంది.
కళ్ళది ఆగదు."

చూసి చూసి రాసింది:
పైన నేరేడుపండు, కింద పచ్చి బఠాణీ.
మేడం కొట్టేయలేదు.
ఇక అందరూ అలాగే.
ఆవకాయ మీది నూనె.
మా నాన్న పాత లుంగీ.
వానలో ట్రాన్స్‌ఫార్మరు.

రొయ్యల చెరువుల దగ్గర ఒక్కటీ లేదు.
ఏరియేటర్లు నీళ్ళని బాదుతున్నాయి.
అరగంట నిలబడ్డాం, వలలు భుజాన.
"సున్నా కూడా రాయాలి" అంది మేడం,
"తారీకు వేసి, టైము వేసి."
మడిచిన పదిహేను గదులు
ఖాళీగానే సంచిలోకి వెళ్ళాయి.

చిన్నప్పుడు నేను తూనీగ తోకకి దారం కట్టి
గులకరాయి మోయించినవాణ్ణి.
ఈ సంగతి మేడానికి చెప్పలేదు.
ఇప్పుడు జీతం తీసుకుంటున్నాను, అంతే తేడా.

సాయంత్రం తిరుగు బస్సులో, నా ఒళ్ళో,
ఒక పెద్దకర్మ కదిలింది.
నలభై ఒకటో నంబరు.
రిజిస్టరు తిప్పితే కళ్ళ గడి ఖాళీ,
హడావుడిలో ఎవరో వదిలేశారు.
చూసి రాద్దామనే విప్పాను.
నిజంగా చూద్దామనే.

చూశాను.
అదీ నన్ను చూసింది, ఎన్ని వేల ముక్కలుగానో.
తర్వాత డ్రైవరు అద్దానికి రెండుసార్లు కొట్టుకుని,
ఎదుర్లంక వంతెన మీద
కిటికీలోంచి గౌతమి మీదికి పోయింది.
పిల్లలు కేకలు పెట్టారు, కొందరు చప్పట్లు.

ఇరవై రెండేళ్ళలో ఆ రిజిస్టరులో
నా చేత్తో రాసిన మొదటి ముక్క ఇది:
నెం. 41. పేరు తెలీదు.
కళ్ళు: లాకు కింద నీళ్ళు, పొద్దున్న పూట.

మేడం చదివింది. కలం అడిగింది.
సంతకం పెట్టింది.