ఇక్కడ పోయరాదు

డకార్ నగరం, మదీనా పేట,
నా కుట్టుమిషనుకి సరిగ్గా ఎదురుగా ఒక గోడ.
దాని మీద నేనే రాశాను, బొగ్గుతో:
"ఇక్కడ ఉచ్చ పోయరాదు. జరిమానా ఆరువేలు."
ఎవరికి కట్టాలో రాయలేదు.
చదువొచ్చినవాళ్ళు చదువుతూ పోశారు,
రానివాళ్ళు చదవకుండా పోశారు.
మధ్యాహ్నానికి ఊరు ఊరంతా
నా గుమ్మంలో కూచున్నట్టు వాసన.

ఒక శనివారం, పట్టపగలే,
నిచ్చెన భుజాన వేసుకుని ఒక పిల్ల వచ్చింది.
పేరు జేనబా. మోచేతుల దాకా నీలం.
"ఈ గోడ ఎవరిది, పెద్దాయనా?"
"ఎవరిదీ కాదు."
"అయితే మీదే," అంది.

వేరే ఊళ్ళలో ఈ పని రాత్రిళ్ళు చేస్తారట,
ముసుగులేసుకుని, బూటు చప్పుళ్ళకు చెవి ఒగ్గి.
మా దగ్గర అలా సాగదు.
మొదటి గీత ఆరకముందే ఎదురింటి నుంచి చేపలన్నం,
రెండో డబ్బా తెరిచేసరికి టీ,
నురగ కోసం ఎత్తి పోస్తూ, పోస్తూ
వంకలు పెట్టడానికి కుర్రాళ్ళ బారు.

"గురువుగారి బొమ్మ వెయ్యమ్మా,
ఆయన ముందు ఎవడు బొందు విప్పుతాడు?" అన్నాను.
"ఊళ్ళో ఇన్ని గోడల మీద నిలబెట్టారు,
ఆయనకి మాత్రం కాళ్ళు పీకవా?" అంది.
మలుపు వైపు చూసింది.
అక్కడ న్గోనే, చేపల బుట్ట, ఈగలు, విసనకర్ర.

నా టేపు అరువడిగింది.
ముప్పై ఏళ్ళు నడుములే కొలిచిన టేపు,
మొదటిసారి ఒక ముఖాన్ని కొలిచింది:
గడ్డం నుంచి తలగుడ్డ ముడి దాకా
ఆరు మూరల మీద జానెడు.

న్గోనే రోజంతా తలెత్తలేదు.
పొలుసులు గీకుతూనే ఉంది.
పొద్దు వాలాక చేతులు కడుక్కుని లేచి,
నడుం మీద చేయి వేసుకుని చూసి,
"ఈ పళ్ళెవరివి?
నా సందేదీ?
పడవ తిరగబడ్డ రాత్రి
తాడు పళ్ళతో పట్టుకుని పోగొట్టుకున్న పన్ను అది.
ఊరికే తిరిగిచ్చేస్తావా?"

జేనబా మళ్ళీ నిచ్చెనెక్కింది.
ఒక్క నల్లచుక్క.
గోడ నవ్వింది.

గోడలకు చెవులుంటాయంటారు,
అవి పుట్టుకతో వచ్చేవి.
కళ్ళు మాత్రం ఎవరో వచ్చి పెట్టాలి.
ఆ రాత్రే ఒకడు అలవాటుగా వచ్చాడు,
బొందు విప్పాడు, తలెత్తాడు,
"తప్పైపోయింది తల్లీ" అని
ముడేసుకుంటూ చీకట్లోకి పోయాడు.

ఏడాదిన్నర.
కొత్త బస్సు దారికి గోడ అడ్డమన్నారు.
కొలతలు వాళ్ళూ తీసుకున్నారు,
నా టేపు ఎవరూ అడగలేదు.
యంత్రం ఎడమ చెంప తినేసింది.
ఒక కన్ను, ముక్కులో సగం,
ఆ పంటి సందు మిగిలాయి.
"నయం, సందు జోలికి పోలేదు," అంది న్గోనే,
బుట్ట రెండడుగులు నీడలోకి జరుపుకుంటూ.

జేనబా ఇప్పుడు ఏ నిచ్చెన మీదుందో.
ఆమె వదిలేసిన డబ్బాలో నా గుండీలు;
అడుగున ఎండిన నీలం గీరుకుని
ఒక్కోసారి చొక్కాకి అంటుకుపోతుంది,
బేరగాళ్ళు తిడతారు.

ఆ కన్ను ఉన్న చోట ఇప్పటికీ ఎవరూ పోయరు.
బస్సు దిగినవాడు హడావుడిగా వస్తాడు,
ఆగుతాడు, గతుక్కుమంటాడు,
ఇటు తిరిగి
నా గోడ వైపు నడుస్తాడు.

బొగ్గు ముక్క ఎక్కడ పెట్టానో.