స్టూలు

పెదజాలారిపేట ఆరోగ్య కేంద్రంలో
నా బల్లకీ పేషెంటు స్టూలుకీ మధ్య
నాలుగు గచ్చు పలకల దూరం.
నేను చేరిననాడే అలా ఉంది.
ఎవరు కొలిచి పెట్టారో తెలీదు.

అప్పట్లో ఎవరూ దానిమీద పూర్తిగా కూచునేవారు కాదు.
అంచున ఆని, జబ్బ చూపించి
"సూది ఎయ్యి బాబూ" అనేవారు.
ఏ రోగమని అడిగినవాళ్ళు లేరు.
సూది వెయ్యకపోతే మాత్రం
మెట్లు దిగుతూ నా చదువుని అనుమానించేవారు.
ఎర్రమందు సీసా ఇస్తే దణ్ణం.
నాకు ఆ దణ్ణం బాగానే ఉండేది, అబద్ధమెందుకు.

మొన్న మంగళవారం, టోకెను ముప్పై ఏడు,
వాసుపల్లి నూకరత్నం.
ఖాళీ గంప గుమ్మం బయటే పెట్టింది,
కవళ్ళ వాసన మాత్రం ఆమెకంటే ముందే లోపలికొచ్చింది.
నేను కంప్యూటర్లో పేరు వెతుకుతున్నాను.
గచ్చు మీద కీచుమని చప్పుడు.
స్టూలు లాక్కుని
మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూచుంది.

"దాన్ని తరవాత సూద్దువు గానీ, ముందు నన్ను సూడు.
సుగరు మాత్ర పొద్దున్న టిఫినుకి ముందని రాసేవు.
నాకు పొద్దున్నంటే ఎప్పుడో అడిగేవా?
రాత్రి రెండుకి లెగుస్తాను.
మూడుకి హార్బర్ల ఏలంపాట.
పూర్ణా మార్కెట్ల గంప దించి
నాను ఇడ్లీ ముట్టేసరికి పదకొండు.
నీ మాత్ర ఏసుకుని, సెమట్లట్టి
నడిరోడ్డు మీద కూలబడిపోయేను, రెండుసార్లు.
మందు తప్పా, నా పొద్దు తప్పా?"

చీటీ తిరగేసి గడియారం బొమ్మ గీశాను.
రెండు. మూడు. పదకొండు. రాత్రి ఏడుకి అన్నం.
మాత్ర సగానికి తగ్గించి, ఎక్కడ పెట్టమంటావని అడిగితే
పొలుసంటిన వేలు పదకొండు మీద ఆనించింది.
"ఇక్కడైతే ఏసుకుంటాను."

ముప్పై ఎనిమిది, తెడ్డు పోలన్న,
"దాంతో అంతసేపు ఏటి కబుర్లు?" అంటూనే
జరిపిన స్టూలు మీదే జరిపినచోటే కూచున్నాడు.
కొత్తగా నేర్చిన పాఠం వెంటనే అప్పజెప్పాను:
"మీకెలా వీలు?"
ఎగాదిగా చూశాడు.
"నన్నడుగుతావేటి? సదివినోడివి నువ్వా, నానా?
నువ్వు సెప్పు, నాను మింగుతాను."
లేవబోయి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.
"నిద్దరట్టడం లేదు బాబూ.
పడవ అమ్మేసిన కాడ్నించీ."
అది ఏ గడిలో నింపాలో
కంప్యూటరు చెప్పలేదు.

ఆరోజు నలభై నాలుగు, నలభై ఐదు
తిట్టుకుంటూ వెళ్ళిపోయారు.
నేనిచ్చిన నిమిషాలు వాళ్ళవే.

రోజూ సాయంత్రం ఊడ్చే దాలమ్మ
స్టూలుని నాలుగు పలకల అవతలికి నెట్టేస్తుంది,
దాని చోటు అదేనని.
పొద్దున్న మళ్ళీ ఎవరో ఒకరు లాగుతారు.
గచ్చు మీద రెండు తెల్లటి గీతలు పడ్డాయి.
దాలమ్మకి నేనేమీ చెప్పలేదు.
ఆ కీచుమన్న చప్పుడుకి
తలెత్తడం అలవాటవుతోంది.