పద్నాలుగో గడి

సిరొంచలో మాకు ఫారాలు మరాఠీలో వస్తయి.
పద్నాలుగో గడి మీద ‘వ్యంగ్’ అని అచ్చేసి ఉంటది.
వాళ్లకది పుట్టుకతో వచ్చిన లోపం,
నా చెవికి మాత్రం ఎవరో వెక్కిరించినట్టే.
ఇరవై రెండేండ్లు ఆ గడిల
సున్నాలు చుట్టిన.

దుర్గం లచ్చుబాయికి పోయిన నెల కానుపైంది,
ఇక్కడ కాదు, వంతెన దాటి, వరంగల్ల.
పిల్ల గంటన్నర బతికింది.
కండ్లు రెండూ ముక్కు మొదట్లకు జరిగి
ఏదో రహస్యం చెప్పుకుంటున్నట్టు ఉన్నయట.
మందుచీటి వెనుక డాక్టరు బొమ్మ గీసిండట:
కడుపుల పడ్డ నెలకే మెదడు రెండుగ విడాలె,
కందిగింజ బద్దలైనట్టు, కుడి ఒకటి, ఎడమ ఒకటి.
నీ బిడ్డది విడలేదు.
పదివేల కానుపులల్ల ఒకటి ఇట్లయితది.

“పదివేలంటే ఎంతక్కా?” అన్నది లచ్చుబాయి.
మిర్చి ఏరబోయే ట్రాక్టరుకు నలభై మంది,
అసొంటి ట్రాక్టర్లు రెండువందల యాభై అని చెప్పిన.
చానాసేపు రోడ్డు దిక్కు చూసింది,
అవన్నీ పోయేదాక ఆగినట్టు.
“అన్నిట్లకెల్లి నన్నొక్కదాన్నే దించిండ్రా?”

ట్రైనింగుల ఇంకో లెక్క విన్న, అది ఆమెకు చెప్పలే.
మొలకప్పుడు చూస్తే రెండువందల యాభైకే ఒకటట.
నెల తప్పిందో లేదో తెలిసేలోపే
మిగిలినవన్నీ బట్టలుతికిన నీళ్లల్ల పోతయి.
ఈసారి పది రోజులు ఆలస్యమైంది అనుకుంటరు ఆడోళ్లు, అంతే.
లచ్చుబాయి పిల్ల వాటన్నిటినీ దాటి
గంటన్నర దాక వచ్చింది.

నెలాఖరు. వరంగల్లోళ్లు మహారాష్ట్ర కేసని వదిలేసిండ్రు.
మా సారేమో, కానుపు మన దగ్గర కాలేదు గదా, సున్నా వెయ్ అన్నడు.
ప్రాణహిత మాత్రం మమ్ముల చక్కగ విడదీసింది,
బద్ద ఇటు, బద్ద అటు.
ఒకటి వేసిన.
తిప్పి పంపిండ్రు, కొట్టేసి సంతకం పెట్టుమని.
మూడు రోజులాయె, ఫారం సంచిలనే ఉంది,
ఐరన్ గోళీల డబ్బా కింద.

ఇరవై ఒకటో నాడు, పేరు పెట్టాల్సిన పొద్దున,
పాలు ఇంకా ఇంకని రొమ్ములకు గుడ్డ బిగించుకొని
లచ్చుబాయి మిర్చికి పోయింది.
ట్రాక్టరు వంతెన ఎక్కుతుంటే తలలు లెక్కపెట్టిన.
ముప్పై తొమ్మిది.
మళ్ల లెక్కపెట్టిన.