రెండు బాణాలు

బొమ్మనహళ్ళి, మొదటి అంతస్తు.
కింద దర్శినిలో ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడల్లా
నా కిటికీ అద్దానికి కాసేపు చూపు పోతుంది.
ఇక్కడ కూర్చునే
ట్రిప్లికేన్‌లో ఒక అచ్చాఫీసు కంప్యూటరు మీద
చెయ్యి వేశాను పొద్దున్నే.

తెర మీద రెండు బాణాలు.
నల్లది నాది, తెల్లది తులశింగం గారిది.
నాది ఎడ్డెమంటే ఆయనది తెడ్డెం.

"సార్, మీరు మౌస్ వదిలెయ్యండి."
"వదిలేసి శానా సేపాయెనమ్మా,
రెండు చేతులూ ఒళ్ళోనే ఉండాయి."

మరి ఎవరు కదుపుతున్నట్టు?

ముందు కొలతలు చూశాను.
కళ్ళజోడు మార్చుకోమని డాక్టరు చెబితే
ఆయన తెర మార్చుకున్నాడు:
నూరున్న చోట నూట పాతిక,
అక్షరాలన్నీ పావు వంతు లావు.
నా తెర మాత్రం ఉన్నదున్నట్టు.
ఎడమ మూలలో భుజాలు రాసుకుంటూ బయల్దేరిన బాణాలు
కుడి మూలకి చేరేసరికి
జానెడు దూరం.
భద్రం చేద్దామని నేను నొక్కింది
అక్కడ మూసెయ్యమని పడుతోంది.
సరిచేశాను.

తర్వాత వేగం.
మౌస్‌కి ఒక దురలవాటుంది,
నువ్వు తొందరపడితే అది నీకంటే తొందరపడుతుంది.
యాక్సిలరేషన్ అని దానికో గొప్ప పేరు.
రెండు వైపులా పీకేశాను.
ఇప్పుడు అంగుళమంటే అంగుళమే.

ఆలస్యాన్ని మాత్రం పీకెయ్యలేం.
నా వేలి కదలిక హోసూరు దాటి, కృష్ణగిరి దాటి,
సముద్రం వాసన వచ్చేదాకా పోవాలి.
పోయి, అక్కడేం జరిగిందో బొమ్మ పట్టుకుని రావాలి.
సెకనులో పదో వంతు.
ఆ పదో వంతులో
నేను చూస్తున్నదంతా అప్పటికే అయిపోయింది.
దానికి మీట లేదు, అలవాటు పడటమే.

అన్నీ అయ్యాక చెయ్యి తీశాను.
తెల్ల బాణం నిలబడాలి.
నిలబడలేదు.
పెళ్ళిపత్రిక మీద
చి.ల.సౌ. దగ్గర బయల్దేరి
చీమలా, వణుకుతూ,
ముహూర్తం వైపు జరుగుతోంది.

నెట్‌ని అనుమానించాను.
పంపినవీ వచ్చినవీ లెక్కపెడితే ఒక్కటీ రాలిపోలేదు.
వైరు పీకి మళ్ళీ గుచ్చమన్నాను.
ఇంకేమీ తోచక, లోలోపల,
ఆ పెద్దమనిషి చేతికే వణుకు అంటగట్టాను.
ఒళ్ళో ఉన్నాయని చెప్పిన చేతులకి.
అడగడానికి మొహమాటమై
చప్పుడు చెయ్యకుండా సున్నితం రెండు గీతలు తగ్గించాను.

అప్పుడు వినపడింది ఫోన్లో,
ఆయన మాట కాదు,
మాట వెనకాల
ధడక్... ధడక్... ధడక్.

"ఆ శబ్దమేంటి సార్?"
"కింద మిషనమ్మా. వెయ్యి పత్రికలు,
మజ్జాన్నానికి ఇయ్యాల గదా."

బాణాన్ని చూశాను.
దెబ్బకో అడుగు.
చెవిలో ధడక్ అన్నాక
కంట్లో అడుగు పడుతోంది,
మధ్యలో ఖాళీ ఆ పదో వంతే.
నేల నుంచి గోడకి, గోడ నుంచి బల్లకి,
బల్ల నుంచి ఎవరూ పట్టుకోని మౌస్‌కి,
అక్కడి నుంచి బొమ్మనహళ్ళికి
అచ్చుయంత్రం నడిచొస్తోంది.

"మౌస్ కింద మెత్తగా ఏదైనా వెయ్యండి."
"తప్పు పడిన పత్రికలుండాయి. పనికొస్తాయా?"
పెళ్ళికొడుకు పేరులో క్రావడి ఎగిరిపోయినవట.
ఒకటి, రెండు, నాలుగు...
ఏడోది వేశాక
తెల్ల బాణం నిలబడింది.
నల్లదాన్ని మెల్లగా దాని మీదికి తెచ్చాను.
ఒక్కటే కనపడింది.

"ఇప్పుడు క్రావడి పెట్టేదా?" అన్నాడాయన.
"మీరే పెట్టండి."

పని ముగిశాక కారణం రాయాలి.
జాబితాలో నెట్ ఉంది, సెట్టింగులున్నాయి,
వాడినవారి పొరపాటు ఉంది.
కింది అంతస్తు లేదు.
ఇతరములు అని నొక్కాను.

కింద దర్శినిలో పిండి గ్రైండరు మొదలైంది.
ఎందుకైనా మంచిదని
నిన్నటి కాఫీ బిల్లు నాలుగు మడతలు పెట్టి
నా మౌస్ కింద తోశాను.