కుర్చీ ఉన్న ఫొటో

జూలై సెలవులకింక ఎనిమిది రోజులు.
టేబుల్ మీద రెండు కరపత్రాలు,
వాటి మధ్య కాఫీ కప్పు మరక.
ఒకదాని పేరు నెమ్మదినీరు,
రెండోది నిదాననీరు.
పేరు పెట్టినవాళ్లు కూడా
పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసినట్టుంది.

అవే ఈతచెట్లు. అదే నీలం.
అరిగిపోని పళ్లతో నవ్వే
అదే నలుగురి కుటుంబం.
పన్నెండు వాయిదాలు, వడ్డీ లేదు,
ఆరేళ్లలోపు పిల్లలకు ఉచితం.
మా తైనాకు ఆరు నిండి పదకొండు రోజులు.

జెనివాల్ సోయా లారీ దిగి వచ్చి
చెవి మీది పెన్సిల్ తీసి
నిలువునా గీత గీశాడు.
వేడినీళ్ల కొలనులు: ఇక్కడ ఏడు, అక్కడ ఏడు.
పొద్దుటి టిఫిను: ఉంది, ఉంది.
బస్టాండు నుంచి నడక: తొమ్మిది నిమిషాలు, పది నిమిషాలు.
ఆ ఒక్క నిమిషాన్నీ పట్టుకుని
గంటసేపు వేలాడాడు పాపం.

సిగ్నల్ ఎక్కడుంటే అక్కడికే, అన్నాడు కవే
ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.
పెద్ద జారుడుబల్ల ఎక్కాలంటే
నూట ఇరవై సెంటీమీటర్లుండాలి.
తైనా నూట పద్దెనిమిది.
గోడకానుకుని మడమలు లేపి అడిగింది,
"అమ్మా, ఎక్కడికెళ్తే నేను పొడుగు?"

నేను మాట్లాడలేదు.
మాట్లాడితే జెనివాల్ గీతకు విలువుండదు.
ఆ రెండు జారుడుబల్లలూ మా ఫ్యాక్టరీవే.
ఒకే అచ్చు.
ముక్కుకు గుడ్డ కట్టుకుని
మూడో మలుపు లోపల మోకాళ్ల మీద పాకుతూ
గరుకు కాగితంతో రుద్దాం,
ఒకదాన్ని నేను, ఒకదాన్ని జుస్సారా.
ఏ పిల్ల వీపూ గీసుకోకూడదంటే
చివర్లో గ్లవ్స్ తీసేసి
ఉత్త అరచేత్తో తడమాలి.
గాజునూలు చర్మంలో దిగి
రాత్రంతా దురద.
రంగు వేసేది వేరే షెడ్డులో.
ఏది ఎవరి గేటు దాటిందో
మాకెవరు చెబుతారు?

జుస్సారా మాత్రం అంచు కింద,
ఎవరి కన్నూ పడని చోట,
మేకుతో చిన్న చేప గీసేది.
నేనేం గీయలేదు.
జీతం కోస్తారని భయం.

అప్పుడు మా అత్త జుల్మీరా
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
బియ్యంలో రాళ్లేరినట్టు
ఫొటో ఫొటో వెతికింది.
"ఇన్ని నీళ్లున్నాయి, కూర్చోడానికేదే?"
వెతగ్గా వెతగ్గా, నిదాననీరులో,
ఏడో కొలను పక్కన, సగం తెగిపోయి,
ఒక తెల్ల ప్లాస్టిక్ కుర్చీ.
దాని మీద ఎవరో మర్చిపోయిన తువ్వాలు.
"ఇక్కడ మనుషులున్నారు," అంది.
పెన్సిల్ మళ్లీ చెవి మీదికెక్కింది.

వెళ్లాం.
కుర్చీ ఉంది, ఒక కాలు కాస్త వంకర.
మూడు రోజులూ అత్త దాన్ని
ఎవరికీ ఇవ్వలేదు.
తైనా జుట్టంతా నడినెత్తిన ముడేసుకుని
కొలబద్ద కింద నిలబడింది.
ఈల మెళ్లో వేసుకున్న కుర్రాడు
ముడిని ఒక్క వేలితో నొక్కి
"వచ్చే జూలైకి రా, చిట్టీ," అన్నాడు.

దాని ఏడుపు ఆపడానికి నేనెక్కాను,
నలభై రెండేళ్లదాన్ని.
మూడో మలుపులో కళ్లు మూసుకున్నాను.
వీపుకు ఏమీ తగల్లేదు.
బాగా రుద్దారెవరో.

కిందికొచ్చాక అంచు కింద చెయ్యి పెట్టి
తడిమాను, గోరంత మేర, గోరంత మేర.
తగిలింది. తోక, మొప్ప.
జుస్సారా ఇప్పుడు పనికి రావడం లేదు,
దగ్గు.

"ఏముందమ్మా అక్కడ?"
"చేప."
తైనా వేలు పట్టుకుని దాని మీద పెట్టాను.
"నువ్వు చేసింది ఏదీ?"
ఒక్క నిమిషం దూరంలో ఉంది, గోడకవతల.
అటునుంచి అప్పుడే
ఎవరి పిల్లలో
మూడో మలుపు దగ్గర కేకేశారు.